తిరిగి వచ్చే శాస్త్రజ్ఞుడికి ఏం కావాలి?

1949వ సంవత్సరం. హరగోవింద్ ఖొరానా అనే ఇరవై ఏడేళ్ళ రసాయన శాస్త్రజ్ఞుడు యూరప్ నుంచి మన దేశానికి తిరిగి వచ్చాడు. 1945లో ఆయనను ఇంగ్లండు పంపింది మన ప్రభుత్వమే. ఆ ఉపకార వేతనంతోనే లివర్‌పూల్‌లో డాక్టరేటు సంపాదించాడు. ఆపైన స్విట్జర్లాండులోని జూరిచ్ నగరంలో పరిశోధన చేశాడు. ఇక్కడికి వచ్చి ఉద్యోగం కోసం వెతికాడు. దొరకలేదు. కేంబ్రిడ్జిలో అవకాశం రాగా 1950లో మళ్ళీ ఇంగ్లండు వెళ్ళిపోయాడు. జన్యువుల్లోని సంకేత భాషను విడమరచినందుకు 1968లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమానం అందుకునే నాటికి ఆయన అమెరికా పౌరుడు.

మేధావులు విదేశాలకు తరలిపోతున్నారనే మాట మీరు వినే ఉంటారు. వారికి దేశాభిమానం లేదని తేలిగ్గా అనేవారూ ఉన్నారు. కాని ఖొరానా తిరిగి వచ్చాడు గదా! వచ్చినవాడు ఎందుకు నిలవలేకపోయాడన్నది అసలు ప్రశ్న.

మీ ఊరి వడ్రంగి ఒకడు పట్నం వెళ్ళి కొత్త పనితనం నేర్చుకొని వచ్చాడనుకోండి. పని చేసుకోవడానికి పాక లేదు, ఉలీ బాడిసా లేవు, కర్ర కొనడానికి డబ్బు లేదు. నెలనెలా తిండికి ఎవరైనా కొంత ఇచ్చినా అతని చేతిలోని విద్య బయటికి రాదు. శాస్త్రజ్ఞుడి సంగతీ అంతే. జీవకణాలపై పరిశోధన చేసేవారికి ఎన్నో ఎంజైములు కావాలి. వాటిని గడ్డకట్టే చలిలో దాచాలి. కరెంటు పోతే పాడవుతాయి. కొన్ని విదేశాల నుంచి తెప్పించుకోవాలి. అవి చేరేదాకా ప్రయోగం ఆగుతుంది. పక్కన పని చేయడానికి విద్యార్థులు ఉండాలి. వీటన్నిటికీ మించి, గది తాళంచెవి తన చేతిలో ఉండాలి.

ఈ చిక్కును తీర్చడానికి 1958లో భారత ప్రభుత్వం ‘సైంటిస్ట్స్ పూల్’ అనే పథకం ప్రారంభించింది. శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి దానిని నడిపింది. విదేశాల నుంచి వచ్చిన అర్హులను తాత్కాలికంగా ఒక విశ్వవిద్యాలయంలోనో ప్రయోగశాలలోనో నియమించి, స్థిరమైన ఉద్యోగం దొరికేదాకా జీతం ఇచ్చేవారు. ఇందులోని తెలివి ఏమిటంటే, ఆ సంస్థలో ఖాళీ ఉండనక్కరలేదు. జీతం సంస్థ ఖాతాలోంచి పోదు. ఖొరానా వచ్చినప్పుడు ఇటువంటిది లేదు. అయినా ఇందులో ఒక లోటు కనిపిస్తుంది. వచ్చినవారు వేరొకరి ప్రయోగశాలలో అతిథులు. చుట్టానికి మంచం వేసినట్టే గాని, గది ఇచ్చినట్టు కాదు.

ఆ తర్వాత వచ్చిన పథకాల్లో ఒకదానికి మన తెలుగువాడి పేరే పెట్టారు. 2006-07లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ప్రారంభించిన రామలింగస్వామి రీ-ఎంట్రీ ఫెలోషిప్ అది. వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టాడు. విశాఖపట్నంలో వైద్యం చదివాడు. 1951లో ఆక్స్‌ఫర్డులో డాక్టరేటు పొంది, తిరిగి వచ్చి ఇక్కడే పని చేశాడు. వచ్చి ఏం చేశాడో కొంచెం వివరంగా చూద్దాం.

హిమాలయ పాదాల దగ్గర కాంగ్రా లోయ ఉంది. ఇప్పుడది హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. అక్కడ పదిమందిలో దాదాపు నలుగురికి మెడ ముందు కాయలాగా వాపు ఉండేది. దీన్నే గళగండం అంటారు. మన మెడలోని థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ కావాలి. ఎంత? పెద్దవారికి రోజుకు సుమారు మిల్లీగ్రాములో ఏడో వంతు. కొండ నేలల్లోని అయోడిన్ వానలకూ మంచుకూ కొట్టుకుపోతుంది. ఆ నేలలో పండిన పంటలోనూ ఉండదు. చాలినంత అందనప్పుడు గ్రంథి పెరిగి లావవుతుంది.

1956లో రామలింగస్వామి, ఆయన సహచరులు సుమారు లక్షమంది ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడో భాగానికి మామూలు ఉప్పు సరఫరా చేయించారు. ఆరేళ్ళ తర్వాత లెక్క చూస్తే మొదటి రెండు చోట్ల గళగండం సగానికో, అంతకన్నా తక్కువకో దిగింది. మూడో చోట దాదాపు అలాగే ఉంది. అప్పుడు అక్కడివారికీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు. 1962లో గళగండం నివారణకు జాతీయ కార్యక్రమం మొదలయింది. ఈ రోజు మీ ఇంట్లో ఉప్పు పొట్లం మీద ‘అయోడైజ్డ్’ అన్న మాట చూడండి. ఆక్స్‌ఫర్డులోనే ఉండిపోతే ఈ ప్రయోగం చేయడం ఎలా? రోగం కాంగ్రాలో ఉంది!

మళ్ళీ ఫెలోషిప్ సంగతికి వద్దాం. విదేశాల్లో పని చేస్తున్న మన శాస్త్రజ్ఞులు జీవశాస్త్రం, వైద్యం, వ్యవసాయం వంటి రంగాల్లో దీనికి దరఖాస్తు పెట్టుకుంటారు. ఎంపికైతే ఐదేళ్ళపాటు జీతంతోబాటు పరిశోధన ఖర్చుకు వేరే డబ్బు ఇస్తారు. ఏ సంస్థలో పని చేయాలో తామే ఎంచుకొని ఆ సంస్థను ఒప్పించుకోవాలి. గణితం, భౌతికశాస్త్రం మొదలైన శాఖలవారికి ఇదే పద్ధతిలో రామానుజన్ ఫెలోషిప్ ఏర్పడింది. 2023లో ప్రకటించిన వైభవ్ ఫెలోషిప్ తీరు వేరు: విదేశంలోని ఉద్యోగం వదలకుండానే ఏడాదికి ఒకటి రెండు నెలలు ఇక్కడికి వచ్చి, మూడేళ్ళవరకు మన శాస్త్రజ్ఞులతో కలిసి పని చేయవచ్చు. నా ఉద్దేశంలో ఇది మంచిదే గాని, తిరిగి రావడం మాత్రం కాదు. రెండు నెలల్లో శిష్యులు తయారు కారు.

ఐదేళ్ళు ఎందుకు? మొదటి ఏడు గది సర్దుకోవడానికీ, పరికరాలు తెప్పించడానికీ పోతుంది. రెండో ఏడు విద్యార్థులు పని నేర్చుకుంటారు. మూడు నాలుగేళ్ళకు ఫలితాలు వస్తాయి. అవి అచ్చయితేనే శాశ్వత ఉద్యోగానికి ధైర్యంగా దరఖాస్తు పెట్టవచ్చు. అయితే ఆ ఉద్యోగం ఫెలోషిప్‌లో భాగం కాదు. ఆ ఖాళీని ఎప్పుడు ప్రకటించాలన్నది డబ్బు ఇచ్చిన విభాగం చేతిలో లేదు, సంస్థ చేతిలో ఉంది. ఆలోగా ఐదో ఏడు ముగిస్తే, ఆ పరిశోధకుడు 1949 నాటి ఖొరానా లాగానే మళ్ళీ ఉత్తరాలు రాయడం మొదలు పెట్టాలి.