మంత్రిగారి జవాబు రాసేవాళ్లకు

మా చెల్లెలి మనవరాలు ఈమధ్యే ఢిల్లీలో సచివాలయ ఉద్యోగంలో చేరింది. పార్లమెంటు పనులు చూసే సెక్షన్‌లో వేశారట. ఫోన్ చేసి, "తాతయ్యా, సమావేశాలు మొదలయ్యేలోగా నీకు తెలిసిందంతా రాసి పంపు" అంది. వాణిజ్యం, పరిశ్రమలు, విదేశాలకు సాయం... వీటి మీద ఎంపీలు అడిగే ప్రశ్నలకు ముప్పై ఏళ్లు ముసాయిదాలు రాశాను. మంత్రులు మారారు, పార్టీలు మారాయి. కాగితం మీద "(ఎ) నుంచి (డి) వరకు" అనే వరస మాత్రం మారలేదు. అమ్మలూ, ఇది నీకోసమే. నీ పక్క కుర్చీ వాళ్లు కూడా చదివితే మరీ సంతోషం.

1. ప్రశ్న చేతికి రాగానే పాత ఫైలు తీయకు. పోయినసారి ఏం రాశామో చూసి, తేదీ మార్చి పంపేద్దామనిపిస్తుంది. ముందు ప్రశ్న చదువు. ఆ సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇచ్చాడు. లాటరీలో పేరు రావాలి. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలకే నోటితో జవాబు చెప్పాలనే నక్షత్రం గుర్తు పడుతుంది, 230 ప్రశ్నలకు రాతలోనే జవాబు. ఆ 20లోనూ గంట గడిచేసరికి నోటితో జవాబు దక్కేవి కొన్నే. అంత దూరం వచ్చిన ప్రశ్న వెనక ఎవరో ఒక మనిషి ఉంటాడు. అతనెవరో ఊహించుకున్నాకే కలం పట్టు.

పసుపు సంగతే చూడు. అప్పట్లో పసుపు స్పైసెస్ బోర్డు పరిధిలోనే ఉండేదన్నది నిజం. ప్రత్యేక బోర్డు కావాలని అడిగిన నిజామాబాద్ రైతుకు ఆ నిజంతో కడుపు నిండలేదు. 2019 ఎన్నికల్లో ఆ ఒక్క లోక్‌సభ స్థానంలో 185 మంది నిలబడ్డారు, వాళ్లలో ఎక్కువమంది రైతులే. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్‌లోనే మొదలైంది. మధ్యలో గడిచిన ఏళ్లలో ఎన్ని నామినేషన్ పత్రాలు, ఎన్ని ధర్నాలు! అడిగేవాడు ఏం అడుగుతున్నాడో చెవిన పెట్టుకుంటే దారి అంత పొడుగయ్యేది కాదని నా నమ్మకం.

2. అంకె ఏ కొలతలో ఉందో చూడకుండా రాయకు. ఇది నేను చేసిన తప్పు, అందుకే వివరంగా చెబుతాను.

ఒకసారి సమావేశాల్లో మిర్చి ఎగుమతుల మీద రాత ప్రశ్న వచ్చింది. గత మూడేళ్లలో ఎగుమతులు తగ్గాయా, తగ్గితే కారణాలేమిటి, రైతులకు ఏం చేస్తున్నారు. ముసాయిదా సాయంత్రానికల్లా పైకి వెళ్లాలి. కలకత్తా నుంచి వచ్చే వాణిజ్య గణాంకాల పుస్తకం తెరిచి 0904 అనే సరుకు కోడు దగ్గర అంకె చూశాను. రూపాయల్లో పెరిగింది. (ఎ)కి "లేదు" అని, మిగతావాటికి "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు" అని రాశాను. పైన ముగ్గురు సంతకాలు పెట్టారు. జవాబు సభ ముందుకు వెళ్లిపోయింది.

వేసవికి ఊరెళ్లాను. మా బాబాయి గుంటూరు యార్డు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చున్నాడు. జేబులోంచి పేపరు ముక్క తీశాడు. "ఎగుమతులు తగ్గలేదన్నారటగా రా. మరి మన మిర్చి టిక్కీలు పది రోజులుగా యార్డులోనే పడున్నాయే?" అన్నాడు. కోపంతో అడగలేదు. ఢిల్లీలో ఉన్నవాణ్ణి, నాకు తెలిసి ఉంటుందని అడిగాడు. ఆ జవాబు రాసింది నేనేనని ఆయనకు తెలియదు.

తిరిగి వెళ్లగానే పుస్తకం మళ్లీ తీశాను. 0904 కింద మిర్చి ఒక్కటే ఉండదు, మిరియాలూ ఉంటాయి. ఆ ఏడు మిరియాల ధర బాగా పలికింది. మలబారు మిరియాల రూపాయల కింద మా మిర్చి లోటు కనబడకుండా పోయింది. ఇంకో రెండు అంకెలు లోపలికి వెళ్లి, టన్నుల్లో చూస్తే మిర్చి తగ్గింది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు పై అధికారి గదికి వెళ్లి చెప్పాను. మాట పడ్డాను, పడాల్సిందే. తర్వాతి సమావేశాల్లో మంత్రిగారు ఆ జవాబును సవరిస్తూ సభలో ప్రకటన చేశారు. జవాబు తప్పయితే మంత్రి దిద్దుకునే పద్ధతి పార్లమెంటులో ఉంది. అయితే ఆ సవరణ మా జిల్లా పేపర్లో రాలేదు. బాబాయికి నేనే చెప్పాను.

అప్పటినుంచి టన్నులు, రూపాయలు, డాలర్లు మూడు వరసలూ పక్కపక్కన పెట్టకుండా ఎగుమతుల మీద ఏ జవాబూ పంపలేదు. రూపాయి విలువ పడిన ఏడాది ఎగుమతి రూపాయల్లో పెరిగినట్టే కనిపిస్తుంది, డాలర్లలో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. నువ్వు కూడా మూడూ పెట్టు. పట్టిక పొడుగవుతుందని ఎవరైనా అంటే, అవనీ.

3. మంత్రికి తెలియని విషయం వచ్చినప్పుడు, తెలియదని చెప్పుకునే వీలు ఆయనకు ఇవ్వు. సప్లిమెంటరీ నోట్ అని మనం తయారుచేసే కట్ట ఒక్కోసారి నలభై పేజీలు ఉంటుంది. సభ్యుడు లేచి అడిగేది నలభై ఒకటో పేజీలో ఉండాల్సింది. అధికారుల గ్యాలరీలోంచి చీటీ వెళ్లేలోగా మంత్రి నోరు విప్పాలి. నేను చూసిన మంత్రుల్లో సభ గౌరవించింది, "ఆ వివరం ఇప్పుడు నా దగ్గర లేదు, సభ్యులకు రాసి పంపిస్తాను" అని చెప్పి, నిజంగానే పంపించినవాళ్లను. మర్నాడు పొద్దున్నే ఆ ఉత్తరం గురించి గుర్తుచేయడం నీ పని.

4. "పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని రాస్తే ఆ పూట గండం గడుస్తుంది. కానీ అలా రాయడం ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టడమే. ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంది, లోక్‌సభలో 1953 నుంచి ఉంది. మంత్రి మాట ఇచ్చిన ప్రతి చోటా గీత గీసి, మూడు నెలల్లో తీర్చారా లేదా అని అడుగుతుంది. తీర్చకపోతే గడువు పెంచమని నువ్వే ఉత్తరం రాయాలి. ఆ తర్వాత మళ్లీ, ఆ తర్వాత మళ్లీ. ఒక పరిశ్రమకు సంబంధించిన హామీ మీద నేను వరసగా అలాంటి ఉత్తరాలు రాశాను. ఈలోగా దాని గేటుకు తాళం పడింది. చివరికి సభకు మేం పంపిన సమాచారంలో ఆ తాళం సంగతే ఉంది. అందుకే నిజంగా సేకరిస్తుంటేనే ఆ మాట వాడు. పని మొదలవకపోతే మొదలవలేదనే రాయి. ఆ రాత వల్ల ఒక్కోసారి పని మొదలవుతుంది కూడా.

5. దాటవేసే జవాబుకు చాలా దూరం పోయే శక్తి ఉంది. 1957లో జీవిత బీమా సంస్థ ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు కొన్న వ్యవహారం ముందు ఒక ప్రశ్నగానే వచ్చింది. సూటిగా జవాబు రాకపోయేసరికి మళ్లీ అడిగారు. ఆ డిసెంబరులో ఎంపీ ఫిరోజ్ గాంధీ సభలో అంకెలు పరిచి నిలబడ్డారు. ఛాగ్లా కమిషన్ విచారణ జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అంతకుముందు వాణిజ్యం, పరిశ్రమలు చూసిన సమర్థుడాయన. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ కథ నాకు మా సెక్షన్ ఆఫీసరు చెప్పాడు, ఇప్పుడు నేను నీకు చెబుతున్నాను.

6. కొన్ని ప్రశ్నల వెనక రైతు ఉండడు, వ్యాపారి ఉంటాడు. ఒక దిగుమతి సుంకం గురించో, ఒకే రకం యంత్రం లైసెన్సు గురించో పొరపాటు లేని సాంకేతిక భాషలో వచ్చిన ప్రశ్న చూస్తే నీకే తెలుస్తుంది. 1974లో పుదుచ్చేరి వ్యాపారుల దిగుమతి లైసెన్సుల కోసం 21 మంది ఎంపీల సంతకాలున్న వినతిపత్రం బయటపడి పార్లమెంటు అట్టుడికింది, ఆ సంతకాల్లో చాలావరకు దొంగవి. డబ్బు తీసుకుని ప్రశ్నలు అడిగారని 2005 డిసెంబరు 23న 11 మంది సభ్యత్వం పోయింది. అయినా జవాబు రాసే మనం ప్రశ్నను అనుమానించి తగ్గించి రాయకూడదు. అందరికీ ఇచ్చే వివరమే ఇవ్వాలి, అంతే ఇవ్వాలి. సభలో పెట్టేదాకా ఆ కాగితం బయటకు పొక్కకూడదు. సుంకం మారుతోందని ముందురోజు తెలిస్తే లాభపడేవాళ్లు తలుపు దగ్గరే ఉంటారు.

7. విదేశాలకు ఇచ్చే సాయం మీద ప్రశ్న వస్తే చిరాకు పడకు. "మా నియోజకవర్గంలో వంతెన లేదు, పరాయి దేశంలో డ్యామ్ కడతారా?" అన్న మాట విని మన గదుల్లో కొందరు నవ్వుతారు. ఆ నవ్వు నాకు నచ్చదు. వంతెన లేనివాడు అడగాల్సిన ప్రశ్నే అది. దానికి నిజమైన జవాబు ఉంది, ఓపిగ్గా చెప్పాలి.

మొదట, ఇచ్చేదంతా ఒకటి కాదని చెప్పు. గ్రాంటు తిరిగి రాదు. దానిలో పెద్ద వాటా ఏటా భూటాన్‌కు వెళ్తుంది. ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా వెళ్లే రుణం అప్పు, తీర్చాలి. దానితో కొనే సరుకులు, సేవల్లో సాధారణంగా 75 శాతం మన దేశం నుంచే కొనాలి. అంటే ఆ డబ్బు పంపులుగా, రైలు పెట్టెలుగా మన కార్ఖానాల్లో పని పుట్టించి వెళ్తుంది. 1964లో మొదలైన ఐటెక్ పథకం కింద ఇచ్చేది శిక్షణ. ఈ మూడింటినీ కలిపి ఒకే మొత్తం రాస్తే చదివేవాడికి ఏమీ అర్థం కాదు, అనుమానం మాత్రం పెరుగుతుంది. ఆఫ్ఘానిస్తాన్‌లో హెరాత్ దగ్గర కట్టిన సల్మా డ్యామ్ 42 మెగావాట్లు, 2016లో ప్రారంభమైంది. దాని ఖర్చుతో పాటు, దాని నీళ్లు పారే పొలాల గురించి కూడా రాస్తేనే జవాబు నిండుగా ఉంటుంది.

రెండోది నా సొంత సంగతి. చిన్నప్పుడు మా బడిలో అమెరికా పాలపొడి కలిపిన పాలు పోసేవాళ్లు. అమెరికా పీఎల్-480 పథకం గోధుమలు ఓడల్లో దిగుతున్న రోజులవి. ఆ ఓడలు ఆలస్యమైతే దేశం ఎలా ఉంటుందో మా తరానికి తెలుసు. 2003 బడ్జెట్లో, కొన్ని దేశాలు మినహా మిగతావాళ్ల సాయం ఇక వద్దని మనం చెప్పగలిగినప్పుడు ఆఫీసులో ఆ పేజీ రెండుసార్లు చదువుకున్నాను. పుచ్చుకున్న చేతికి ఇవ్వడంలోని బరువూ తెలియాలి, మర్యాదా తెలియాలి. పక్క దేశం పేరు రాసేటప్పుడు దానం చేసినట్టు రాయకు. ఆ జవాబు వాళ్లూ చదువుతారు.

8. జవాబు రాశాక, ఆఫీసు బయటి మనిషి ఎవరికైనా చదివినట్టు ఊహించుకో. గ్యాలరీ నుంచి దిగి పదిహేనేళ్లయ్యాక నాకు ఇది నిజంగానే జరిగింది. 2025 జులై 31న అమెరికా సుంకాల మీద వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ పార్లమెంటులో ప్రకటన చేశారు. అది ప్రశ్నకు జవాబు కాదు, మంత్రి తనంతట చేసిన ప్రకటన. ఆగస్టు 7న మన సరుకుల మీద 25 శాతం పడింది, 27న 50 అయింది. అప్పటికి మన రొయ్యలకు అతి పెద్ద బజారు అమెరికాయే. నిజాంపట్నం వైపు చెరువులున్న మా బంధువు ఆ నెలలోనే మా ఇంటికి వచ్చాడు. "పార్లమెంటులో ఏమన్నారు బాబాయ్?" అన్నాడు.

మనవడి ఫోన్లో ఆ ప్రకటన తీసి, తెలుగులో చెబుతూ చదివాను. పర్యవసానాలు పరిశీలిస్తున్నామని, దేశ ప్రయోజనాలు కాపాడటానికి అవసరమైన చర్యలన్నీ తీసుకుంటామని ఉంది. అతను మెల్లగా తలూపుతూ చివరిదాకా విన్నాడు.

"అయితే ఈ పంటకు పిల్ల వదలమంటావా, ఆగమంటావా?" అన్నాడు.

కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ మొదటినుంచి చదివాను.