గోబరు గ్యాసు తొట్టి నీటిలోని సత్తువ

గోబరు గ్యాసు తొట్టినుండి వెలువడు పలుచని నీటిని వ్యర్థమని కాలువలోనికి వదలు రైతులు కలరు. ఇది గొప్ప నష్టము. పేడ గాలి సోకక మురుగునపుడు వాయురూపమున పోవునది ముఖ్యముగా కర్బనమే. నత్రజని, భాస్వరము, పొటాషు దాదాపు పూర్తిగ తొట్టిలోనే నిలుచును. ఆ నత్రజనిలో కొంత అమ్మోనియాగా మారి నీటిలో కరగియుండును. పైరు దానిని త్వరగా గ్రహించును. కాని ఆ నీటిని ఎండలో బయలుగా నిలువయుంచినచో అమ్మోనియా గాలిలో కలిసిపోవును.

కొన్ని పాశ్చాత్య నగరముల మురుగుశుద్ధి కేంద్రములందు ఇట్టి నీటికి మెగ్నీషియము లవణమును చేర్చి, క్షారగుణమును హెచ్చించి, అందలి భాస్వరమును, కొంత అమ్మోనియాను తెల్లని పలుకులుగా దించుచున్నారు. 1845లో హాంబర్గున గుర్తింపబడిన ఈ పదార్థమునకు స్ట్రూవైటు అని పేరు. ఇది నేలలో మెల్లగా కరగి పైరును పోషించును.

మన యింటి తొట్టికి అంత ఏర్పాటు అక్కరలేదు. నీటిని మూతగల గుంటలో నిలిపి, బావినీటితో పలుచన చేసి, సాయంకాలమున సాళ్లలో పోసి, వెంటనే మన్ను కప్పవలెను. పొలమున పని లేని దినములలో ఎండుటాకులు నింపిన కంపోస్టు గుంటలో పోసినచో ఆకులు దానిని పీల్చుకొనును.

వెలయిచ్చి యూరియా కొనెడి రైతు, తన యింట పుట్టిన నత్రజనిని గాలిపాలు చేయుట తగునా?