ట్రాక్టరు క్విక్ హిచ్ – పనిముట్లన్నిటికిని ఒకే కొలత

భైంసా ప్రాంతపు నల్లరేగడి నెరిగిన రైతునకు అదను, పదును అను రెండు మాటల విలువ వేరుగ చెప్పనక్కరలేదు. వాన కురిసిన మరునాడు ఈ నేల కాలికిని చక్రమునకును అంటుకొనును. కొలది దినములు గడచినచో గట్టిపడి నెఱ్ఱెలు విచ్చును. ఈ రెంటి నడుమ దొరకు స్వల్పకాలముననే దున్నుట, చదును చేయుట, పత్తి, సోయాచిక్కుడు, కంది విత్తుట అన్నియు జరుగవలెను. అట్టి దినములలో ట్రాక్టరు వెనుకనుండి ఒక పనిముట్టును విప్పి మరియొకదానిని తగిలించుటకు అరగంట పట్టినయెడల, ఆ నష్టము దున్నించుకొనువానితో పోదు. అదే ట్రాక్టరు కొరకు తరువాతి చేలలో వేచియున్న సభ్యులందరును దానిని పంచుకొందురు.

ఈ ఆలస్యమును తగ్గించుటకు క్విక్ హిచ్ అను ఇనుపచట్రము విపణిలో దొరకుచున్నది. ఐనను దానిని కొని తెచ్చిన కొందరు నాలుగు దినములు వాడి, కొట్టములో మూలకు చేర్చుచున్నారు. కారణము చట్రములో లేదు. పనిముట్ల కొలతలలో ఉన్నది. ఆ విషయమును సభ్యుల కెరిగించుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

మూడు బిందువుల అమరిక

ట్రాక్టరు వెనుక క్రింద రెండును, పైన ఒకటియు లింకులుండుట అందరెరిగినదే. ఈ అమరికను వాడుకలోనికి తెచ్చినవాడు ఐర్లండున జన్మించిన హ్యారీ ఫెర్గుసన్. పూర్వపు ట్రాక్టరు గొలుసుతోనో, కడ్డీతోనో నాగలిని లాగెడిది. నాగలి రాతికి తగిలి నిలిచినపుడు ట్రాక్టరు ముందుభాగము పైకి లేచి, నడుపువానిపై బోర్లపడు ప్రమాద ముండెడిది. ఫెర్గుసన్ పనిముట్టును మూడు బిందువుల వద్ద ట్రాక్టరుతో ఏకము చేసి, హైడ్రాలిక్ శక్తిచే దాని నెత్తుదించు ఏర్పాటు గావించెను. 1936లో ఈ అమరిక గల ట్రాక్టరు అమ్మకమునకు వచ్చెను. 1939లో హెన్రీ ఫోర్డు కంపెనీ నిర్మించిన ట్రాక్టరుతో అది విస్తారముగ వ్యాపించెను. నేడు మన పొలములలో తిరుగు ట్రాక్టర్లన్నియు దాదాపు ఈ పద్ధతివే.

క్విక్ హిచ్ అనగానేమి?

అది గడపలేని ద్వారబంధమువంటి చట్రము. దీనిని ట్రాక్టరు మూడు లింకులకును తగిలించి అట్లే ఉంచుదురు. పై కమ్మికి నడుమ ఒక కొక్కెమును, క్రింది రెండు కాళ్లకు గుంటలు గల రెండు కొక్కెములును ఉండును. ట్రాక్టరును వెనుకకు నడిపి చట్రమును మెల్లగ పైకెత్తినచో, పై కొక్కెము పనిముట్టు యొక్క పై పిన్నును అందుకొనును, క్రింది పిన్నులు గుంటలలో కూర్చుండును, గడియలు పడును. మరియొక విధమైన చట్రము త్రికోణాకారముగ నుండును. దానికి ప్రతి పనిముట్టునకును ఎదురు త్రికోణము నొకదానిని బిగింపవలెను. ఈ వ్యాసము మొదటి విధమును గూర్చినది.

చిక్కు ఎక్కడ?

మన పెద్దలు ఎడ్లసేద్యమున నాగలి, గుంటక, గొర్రు అన్నిటిని ఒకే కాడికి కట్టిరి. ఏలననగా ఊరి వడ్రంగి అన్నిటిని ఆ కాడి నెరిగియే చేసెను. నేటి పనిముట్టు అట్లు వచ్చునది కాదు. కల్టివేటరు నిర్మలులోను, రోటవేటరు నిజామాబాదులోను, విత్తు గొర్రు సరిహద్దు దాటి నాందేడులోను కొనియుండవచ్చును. వాని పిన్నుల కొలతలు వేరువేరుగ నున్నను, మామూలు లింకులు ఇటునటు కదలును గనుక ఎట్లో తగిలింపవచ్చును. క్విక్ హిచ్ చట్రమునకు ఆ కదలిక లేదు. దానికి మూడు కొలతలు సరిపోవలెను.

మొదటిది, పిన్నుల లావు. రెండవది, క్రింది పిన్నుల నడుమ దూరము; దీనిని ఒక పిన్ను లోపలి భుజమునుండి రెండవ పిన్ను లోపలి భుజమువరకు కొలువవలెను. మూడవది, క్రింది పిన్నుల మట్టమునుండి పై పిన్ను వరకు గల నిలువెత్తు.

అంతర్జాతీయ ప్రమాణమున మొదటి తరగతి పనిముట్టునకు క్రింది పిన్ను 22 మి.మీ., పై పిన్ను 19 మి.మీ., నడుమ దూరము 683 మి.మీ., ఎత్తు 460 మి.మీ. రెండవ తరగతికి క్రింది పిన్ను 28, పై పిన్ను సుమారు 25, దూరము 825, ఎత్తు 610 మి.మీ. అమెరికా ప్రమాణముననుసరించి చేసిన క్విక్ హిచ్ చట్రములలో మాత్రము ఈ రెండు తరగతులకును పై కొక్కెము ఎత్తు సుమారు 380 మి.మీ. ఈ భేదమే తరచుగ చిక్కు తెచ్చిపెట్టును. క్రింది పిన్నులు గుంటలలో కూర్చుండినను, పై కొక్కెము పిన్నునకు జానెడు క్రిందనే ఆగిపోవును. కావున కొనబోవు చట్రమును టేపుతో కొలిచి చూడక డబ్బు చెల్లింపరాదు. పై కొక్కెమును ఎత్తుదించుటకు వీలున్న చట్రము దొరకినచో అదియే మేలు.

సరిచేయు విధము

పిన్ను సన్ననిదైనచో కొక్కెపు గుంటను కొలిచి, దానికి తగిన ఇనుప బుష్షును పిన్నుపై తొడుగవలెను. వదులుగ విడిచిన పిన్ను కుదుపులకు అరిగి, గడియను విరుచును.

నడుమ దూరము తక్కువైనచో, అనగా మొదటి తరగతి పనిముట్టును రెండవ తరగతి చట్రమునకు తగిలింపవలసినచో, ఒక్కొక్క ప్రక్క 71 మి.మీ. పెంపవలెను. పొడుగుపిన్ను వేసి నడుమ గొట్టము తొడిగినంత మాత్రమున చాలదు. ఆధారములేని పిన్ను బరువునకు వంగును. పనిముట్టు చట్రమునకు వెలుపలివైపు దళసరి పలకలను అతికించి, పిన్నును వానిలో బిగించుట క్షేమము. పదును పెట్టిన పిన్నును వెల్డింగు చేయరాదు. వేడికి దాని బలము చెడును.

ఎత్తు ఎక్కువైనచో, నిలువు పలకలలో క్రింద మరియొక రంధ్రము వేయింపవలెను. పాత రంధ్రమును చెరుపనక్కరలేదు. కాని యొక లెక్క గమనింపుడు. ఎత్తు తగ్గినకొలది పై లింకుపై పడు బలము పెరుగును. 460 నుండి 380కి దింపినచో అది సుమారు ఐదవవంతు హెచ్చును. 610 నుండి దింపినచో అరవై పాళ్లు హెచ్చును. కావున క్రొత్త రంధ్రము చుట్టు పలకకు దన్ను వేయక వాడరాదు.

రోటవేటరు విషయమున హెచ్చరిక

చట్రము పనిముట్టును నాలుగైదు అంగుళములు వెనుకకు నెట్టును. అంతమేరకు పి.టి.ఓ. షాఫ్టు గొట్టములు ఒకదానిలోనుండి ఒకటి బయటకు వచ్చును. పనిచేయు స్థితిలో గొట్టము పొడవులో మూడవవంతైనను లోపల నిలువనియెడల షాఫ్టు ఊడివచ్చి, నిమిషమునకు 540 చుట్లు తిరుగుచు ప్రక్కనున్నవానిని కొట్టును. దీనికై పొడుగు షాఫ్టు వేసికొనినవారు, చట్రము తీసి అదే రోటవేటరును నేరుగ తగిలించినచో, గొట్టము అడుగు తాకి గేరుబాక్సు పగులవచ్చును. చట్రము తగిలించిననాడును, తీసిననాడును షాఫ్టును కొలిచి చూడవలెను. క్విక్ హిచ్ ఉన్నను షాఫ్టును చేతితోనే కలుపవలెనని మరువరాదు. అప్పుడు ఇంజను ఆపియుండవలెను.

బరువును గూర్చియు జాగ్రత్త కావలెను. పనిముట్టు భారకేంద్రము 610 మి.మీ. దూరమునుండి 710కి జరిగినచో లిఫ్టుపై భారము ఆరవవంతు పెరుగును. చట్రము బరువు దానికి అదనము. పనిముట్టు నెత్తినపుడు ముందుచక్రములు తేలికయై స్టీరింగు వినకున్నచో, ముందు బరువులు వేయవలెను. ట్రాలీని మాత్రము ఈ చట్రమునకు ఎన్నడును కట్టరాదు. దానికి ట్రాక్టరు క్రిందనున్న కొక్కెమే తగినది. పైనుండి లాగినచో ముందుభాగము లేచును.

ప్రాణరక్షణ

ట్రాక్టరు వెనుకకు వచ్చుచుండగా పనిముట్టునకు దానికిని నడుమ నిలిచి పిన్ను సరిచేయు అలవాటు మన ఊళ్లలో ఉన్నది. క్లచ్చిపై నున్న కాలు ఒక్కమారు జారినచో ఆ మనిషి నలిగిపోవును. క్విక్ హిచ్ వలన కాలము మిగులుట ఒక లాభము. ఆ నడుమ మనిషి నిలువనక్కరలేకుండుట అంతకు మించిన లాభము. పిల్లలను ఆ పనికి పిలువరాదు. తగిలించిన పిమ్మట రెండు గడియలును పడినవో లేదో చూచి, పనిముట్టును జానెడెత్తు లేపి నిలిపి, ప్రక్కనుండి పరీక్షించి, అటుపిమ్మటనే కదలవలెను. విప్పిన పనిముట్టును బురదలో విడువక, బండలపైనో దుంగలపైనో సమముగ నిలుపవలెను. రేగడిలో ఒకవైపు దిగబడినచో మరునాడు కొక్కెములు కలియవు.

సంఘము చేయదగినది

ఒక్క రైతు తన పనిముట్లను సరిచేసికొనినచో ఆతని పని తీరును. సంఘపు ట్రాక్టరును, సభ్యుల పనిముట్లను కలిపి వాడుకొనుచోట అది చాలదు. మొట్టమొదట ట్రాక్టరు తరగతిని నిర్ణయించి, ఆ కొలతతో ఒక ఇనుప కొలచట్రమును చేయించి, సంఘపు గిడ్డంగిలో ఉంచవలెను. వేసవిలో సభ్యులు తమ పనిముట్లను తెచ్చి దానితో సరిచూచుకొనవలెను. సరిపోయినవానికి రంగుతో గురుతు వేయవలెను. సరిపోనివానిని వానలకు ముందే ఒక్కమారుగ సరిచేయించినచో కూలియు తక్కువ పడును. క్రొత్త పనిముట్టు కొనబోవువారు ఆ కొలచట్రమును వెంట తీసికొనిపోవలెను.

ఊరి వడ్రంగి ఒకనాడు ఒకే కాడి నెరిగి పనిముట్లన్నియు చేసెను. ఆ తెలివి నేడు దుకాణములో అమ్ముడుపోదు. సభ్యులందరును కూడి ఒక కొలతకు కట్టుబడినపుడే అది తిరిగి లభించును. మృగశిర కార్తె రాకముందే ఈ పని ముగించుకొనుడు.