ఓర్పు - తీర్పు

ప్రజాస్వామ్యంలో శాసనం చేయడానికి ఓర్పు కావాలి. అభ్యర్థిని నిలపడానికి ప్రజల తీర్పు కావాలి. అమెరికా నాయకుడు హ్యూబర్ట్ హంఫ్రీ జీవితం ఈ రెండింటికీ నిదర్శనం.

1964లో వర్ణవివక్షను నిషేధించే పౌరహక్కుల బిల్లు సెనేట్ ముందుకు వచ్చింది. దక్షిణాది సభ్యులు 60 పనిదినాలపాటు ఎడతెగని ప్రసంగాలతో దానిని అడ్డుకున్నారు. చర్చను ముగించాలంటే 67 ఓట్లు అవసరం. డెమొక్రటిక్ పార్టీకి చెందిన హంఫ్రీ, ప్రత్యర్థులైన రిపబ్లికన్ల నాయకుడు ఎవరెట్ డర్క్‌సెన్ మద్దతును ఓపికతో కూడగట్టారు. జూన్ 10న ఓటింగు జరిగింది. మెదడులో కణితి వల్ల మాట పడిపోయిన సెనేటర్ క్లెయిర్ ఎంగిల్ చక్రాల కుర్చీలో సభకు వచ్చారు. ఆంగ్లంలో 'కన్ను', 'సమ్మతి' అనే అర్థాలిచ్చే 'ఐ' అనే పదాల ఉచ్చారణ ఒక్కటే. అందుచేత ఆయన తన కంటిని చూపి ఓటు వేశారు. 71-29 ఓట్లతో చర్చ ముగిసింది. జూలై 2న బిల్లు చట్టమైంది.

1968లో అదే హంఫ్రీ, ప్రాథమిక ఎన్నికలలో పోటీ చేయకుండానే, పార్టీ పెద్దల అండతో అధ్యక్ష పదవికి అభ్యర్థి అయ్యారు. వియత్నాం యుద్ధాన్ని నిరసించిన యువత ఆగ్రహించింది. షికాగో వీధులు రణరంగమయ్యాయి. ఎన్నికలలో ఆయన నిక్సన్ చేతిలో పరాజితులయ్యారు. పిమ్మట పార్టీ తన నియమాలను సంస్కరించింది. 1972 నుండి అభ్యర్థి ఎంపికలో సామాన్య ఓటర్లు పాల్గొనే ప్రాథమిక ఎన్నికలకే ప్రాధాన్యం లభించింది.

ప్రత్యర్థులను సైతం ఒప్పించగలిగిన నాయకుడు, తన పక్షంవారి సమ్మతిని కోరకుండా నిలిచి ఓడిపోయారు. ప్రజాస్వామ్యం నేర్పే పాఠం ఇదే.