చెఱసాలలో చేతిపని

చేయుటకు పని లేని దినము ఎంత దీర్ఘముగా తోచునో సెలవులలో మన విద్యార్థులందఱు ఎఱిగినదే. అట్టి దినములను సంవత్సరములకొలది గడపవలసిన ఖైదీల మాట యేమి? వారికి సూదియు దారమును, రంగును కుంచెయు ఇచ్చుటవలన కలుగు మేలెట్టిదో ఒక నిజమైన దృష్టాంతముచే విచారింతము.

1813వ సంవత్సరమున ఎలిజబెత్ ఫ్రై అను ఆంగ్ల స్త్రీ లండను నగరమందలి న్యూగేటు చెఱసాలను మొదటిసారి దర్శించెను. అచ్చట ఖైదీ స్త్రీలు తమ బిడ్డలతో కూడ ఇఱుకు గదులలో కిక్కిఱిసి, పనిలేక, కలహములతో కాలము పుచ్చుచుండిరి. 1817లో ఆమె మఱికొందఱు స్త్రీలతో కలిసి యొక సంఘమును స్థాపించి, వారికి చదువును కుట్టుపనిని నేర్పింప నారంభించెను. ఆ కాలమున శిక్ష పొందినవారిలో అనేకులను ఓడలపై ఆస్ట్రేలియాకు పంపివేయుచుండిరి. అట్లు పోవు స్త్రీలకు ఆమె సహకారిణులు సూదులు, దారములు, వ్రేలితొడుగు, కత్తెర, గుడ్డముక్కలు గల సంచుల నిచ్చుచుండిరి.

1841 ఏప్రిల్ 5వ తేదీన 'రాజా' అను ఓడ 180 మంది ఖైదీ స్త్రీలతో ఇంగ్లండునుండి బయలుదేరి, 105 దినములు ప్రయాణము చేసి, జూలై 19న టాస్మేనియా ద్వీపమందలి హోబర్టు రేవు చేరెను. ఆ ప్రయాణములో వారిలో కొందఱు 2,815 గుడ్డముక్కలను కూర్చి యొక గొప్ప బొంతను కుట్టిరి. మన యిండ్లలో అవ్వలు పాత చీరలతో కుట్టు బొంత మనకు తెలియును గదా. ఇదియు ఆ జాతిదే; గాని ఇంచుమించు 11 అడుగుల పొడవును, దాదాపు అంతే వెడల్పును గలది. నడుమ పూవులును పక్షులును గలవు. తమకు సామగ్రి నిచ్చిన స్త్రీలకు కృతజ్ఞత తెలుపు మాటలను దానిపై దారముతో వ్రాసిరి. కుట్టినవారి పేరులు మాత్రము అందు లేవు.

ఈ పనివలన వారికి కలిగిన మేళ్లను ఎంచి చూతము. మొదటిది, దినమున కొక క్రమము ఏర్పడెను. రెండవది, క్రొత్త దేశమున జీవనమునకు పనికివచ్చు విద్య చేతికి వచ్చెను. మూడవది, కత్తెరను వారిచేతికి నమ్మి యిచ్చిరి. నమ్మబడినవారు నమ్మకమును నిలుపుకొన నేర్తురు. నాలుగవది, కలిసి పనిచేయుట. ఆ బొంతలో కొన్ని కుట్లు మిక్కిలి నేర్పుగలవి, కొన్ని అలవాటులేని చేతులు వేసినవి. రెండును ఒకే వస్త్రములో ఇమిడినవి. అయిదవది అన్నిటికంటె గొప్పది: అంతవఱకు పుచ్చుకొనువారుగా నుండినవారు ఒకరికి ఇచ్చువారైరి.

తప్పు చేసినవారికి ఈ ఆదరణ యేల, వారివలన నష్టపోయినవారి దుఃఖమును ఎవరు తీర్తురని కొందఱడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. చేతిపని శిక్షను తగ్గింపదు. తలుపు తాళము తీయదు. దానివలననే ప్రతివారును మంచివారగుదురని చెప్పుటకును వీలులేదు. గాని చాలమంది శిక్ష ఒకనాటికి ముగియును. నాడు వారు తిరిగి వచ్చునది మన వీధులకే. చెఱచుట మాత్రమే నేర్చిన చేతులతో వచ్చుట మేలా? ఒక వస్తువును ఓర్పుతో మొదలిడి కడముట్టించిన చేతులతో వచ్చుట మేలా?

ఆ బొంత 1989 నుండి ఆస్ట్రేలియా రాజధానియగు కాన్బెర్రాలోని జాతీయ కళామందిరమున నున్నది. విద్యార్థులారా, చిత్రలేఖనపు గంటను, కుట్టుపని గంటను ఆటవిడుపుగా ఎంచకుడి. చెఱసాలలోని వారికి మేలుచేసిన విద్య స్వేచ్ఛగా నున్న మనకు చేయకపోవునా?