నేల ఎంత దూరంలో ఉంది?

విమానం ఎంత ఎత్తులో ఎగురుతోందో పైలట్‌కు ఎలా తెలుస్తుంది? పైకి పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుందని మీరు చదువుకున్నారు కదా. ఆ పీడనాన్ని కొలిచే పరికరం విమానంలో ఉంటుంది. దాన్నిబట్టి ఎత్తు తెలుస్తుంది. మరి చంద్రుడి మీద దిగే నౌక సంగతేమిటి? అక్కడ పీడనం కొలుద్దామన్నా, పారాచూట్ విప్పుకుని మెల్లగా దిగుదామన్నా గాలి లేదు. రాకెట్ ఇంజను మంటను కిందికి చిమ్ముతూ, ఆ తోపుతో వేగం తగ్గించుకుంటూ దిగవలసిందే. ఇంజనును ఎంత జోరుగా మండించాలో నిర్ణయించాలంటే, నేల ఎంత దూరంలో ఉందో క్షణక్షణమూ తెలియాలి.

భూమి మీది ఇంజనీర్లు చూసి చెప్పరాదా అంటారేమో. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. రేడియో సంకేతం ఇక్కడికి రావడానికి 1.3 సెకన్లు, మన ఆజ్ఞ అక్కడికి చేరడానికి మరో 1.3 సెకన్లు పడుతుంది. దిగే సమయంలో అంత ఆలస్యం పనికిరాదు. కనుక మనిషి లేని ఆ నౌక తన నిర్ణయాలు తానే తీసుకోవాలి.

అందుకు దానికి ముఖ్యంగా రెండు ఆధారాలున్నాయి. ఒకటి కొలత. లేజర్ కాంతిని గానీ రేడియో తరంగాన్ని గానీ నేల మీదికి పంపి, అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తారు. నేల 5 కిలోమీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ 10 కిలోమీటర్లు. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. అంటే పట్టే కాలం సెకనులో 30 వేలవ వంతు! రెండవది లెక్క. తన వేగం ఎలా మారుతోందో గమనించుకుంటూ, ఎంత దిగానో నౌకే లెక్క కట్టుకుంటుంది. చీకట్లో దిగుడుబావిలోకి దిగేవాడు చేతికర్రతో కింది మెట్టును తడుముకుంటూ, దిగిన మెట్లు లెక్కపెట్టుకోవడం లాంటిదన్నమాట.

కర్ర ఒకటి చెప్పి, లెక్క మరొకటి చెబితే దేన్ని నమ్మాలి? 2023 ఏప్రిల్‌లో ఒక నౌకకు సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. అది జపానులోని ఐస్పేస్ అనే ప్రైవేటు కంపెనీ పంపిన హకుటో-ఆర్ నౌక. పరులు ఇచ్చిన సరుకును కిరాయికి చంద్రుడి మీదికి చేర్చడం ఇలాంటి కంపెనీల వ్యాపారం. లారీ కిరాయికి మాట్లాడుకోవడం లాంటిదే, కాకపోతే అక్కడ రోడ్డు లేదు! ఎమిరేట్స్ దేశం వారి రషీద్ అనే చిన్న రోవరు ఆ నౌకలో ఉంది.

అట్లాస్ అనే పెద్ద బిలం ప్రాంతంలో అది దిగాలి. దారిలో సుమారు 3 కిలోమీటర్ల ఎత్తున్న బిలపు అంచును దాటగానే కింది నేల ఒక్కసారిగా లోతుకు పోయింది. పరికరం ఆ మార్పును ఉన్నదున్నట్టే చెప్పింది. కానీ కంప్యూటరు మాత్రం, ఎత్తు ఇంత హఠాత్తుగా పెరగడమేమిటి, పరికరమే చెడిపోయి ఉంటుందని తీర్మానించుకుని, ఆ తర్వాత దాని మాట వినడం మానేసింది. చెడిన పరికరాన్ని నమ్మి మోసపోకూడదని పెట్టిన నియమమే అది. తప్పుడు నియమమేమీ కాదు. అయితే నౌక రూపకల్పన చాలావరకు ముగిశాక దిగే చోటు మార్చారు. కొత్త దారిలోని ఎత్తుపల్లాలను ముందస్తు పరీక్షల్లో తగినంతగా చూడలేదు.

ఇక లెక్కే దిక్కయింది. ఆ లెక్క ప్రకారం ఎత్తు సున్నాకు వచ్చేసరికి, నౌక నిజానికి నేలకు సుమారు 5 కిలోమీటర్ల పైన ఉంది. నేల ఇప్పుడు తగులుతుంది, ఇప్పుడు తగులుతుంది అన్నట్టుగా మెల్లగా దిగుతూ ఇంధనమంతా ఖర్చు చేసుకుని, చివరికి రాయిలా పడిపోయింది. ఎంత వేగంతో పడి ఉంటుందో మీరే లెక్క కట్టవచ్చు. వేగపు వర్గం = 2 × గురుత్వ త్వరణం × ఎత్తు. చంద్రుడి గురుత్వ త్వరణం 1.62, ఎత్తును 5,000 మీటర్లుగా తీసుకోండి. సెకనుకు సుమారు 127 మీటర్లు వస్తుంది. గంటకు 450 కిలోమీటర్ల పైమాటే!

2024 ఫిబ్రవరి 22న అమెరికాలోని ఇంట్యూటివ్ మెషీన్స్ కంపెనీ నౌక ఒడీసియస్‌కు మరో రకం తంటా వచ్చింది. దాని లేజర్ పరికరానికున్న భద్రతా మీటను బయలుదేరే ముందు తీయలేదు. కర్ర చేతిలో ఉన్నా కట్టేసినట్టే! కెమెరాల సాయంతో ఎలాగో దిగింది గానీ, కాలు విరిగి పక్కకు ఒరిగింది. అయినా చంద్రుడి మీద పగిలిపోకుండా దిగిన మొదటి ప్రైవేటు నౌక అదే. ఐస్పేస్ వారి రెండవ నౌక 2025 జూన్‌లో మళ్ళీ కూలింది. అప్పుడూ లేజర్ దూరమాపకమే ఇబ్బంది పెట్టింది.

అమెరికాలోని ఫైర్‌ఫ్లై కంపెనీ వారి బ్లూ ఘోస్ట్ 2025 మార్చి 2న దిగింది. కింద ప్రమాదకరమైన చోట్లను తానే గుర్తించి, రెండుసార్లు పక్కకు తప్పుకుని, నాలుగు కాళ్ళ మీదా నిటారుగా నిలబడింది. నాసా వారి 10 పరికరాల సరుకు క్షేమంగా చేరింది.