కొండమీద బస: పాళెమును పరిశుద్ధముగా ఉంచుట

పఠించవలసిన వాక్యభాగములు: లేవీయకాండము 23:39-43, ద్వితీయోపదేశకాండము 23:9-14, యెహెజ్కేలు 34:17-19



మా చిరాగ్‌పల్లి కర్ణాటక సరిహద్దున, హైదరాబాదు నుండి ముంబయి వెళ్లు పెద్ద రహదారి మీద ఉన్నది. 2017లో జి.యస్.టి. వచ్చువరకు ఇచ్చటి పన్నుల చెక్‌పోస్టు వద్ద లారీలు బారులు తీరి నిలిచెడివి. డ్రైవర్లు బండి పక్కనే స్టౌ వెలిగించి అన్నము వండుకొని, రాత్రి క్యాబినులోనే పండుకొనెడివారు. కాబట్టి బండియే ఇల్లుగా కాలము గడుపుట మా ఊరివారికి వింత కాదు. అయినను ఈ సంవత్సరము కందులు ఇల్లు చేరిన తరువాత మా సంఘములోని కొన్ని కుటుంబములతోను యౌవనులతోను మేము వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండకు పోయి, అడవిలో రెండు రాత్రులు బస చేసితిమి. అచ్చట మేము నేర్చుకొనిన పాఠమును, అందులో మేము సిగ్గుపడిన సంగతిని దాచక మీ ముందు ఉంచుచున్నాము.

1. చక్రముల మీది ఇల్లు

సంఘ పెద్ద ఒకరి బంధువు హైదరాబాదు నుండి క్యారవాన్ అను బండిని అద్దెకు తెచ్చెను. సినిమావారు వాడుకొను బండిగా మనలో అనేకులు ఆ పేరు వినియున్నారు. లోపల మంచములు, వంటకు గ్యాసు పొయ్యి, చిన్న స్నానపు గది, మరుగుదొడ్డి ఉన్నవి. వృద్ధులును స్త్రీలును పిల్లలును అందులో పండుకొనిరి. మేమును యౌవనులును పక్కనే డేరాలు వేసికొంటిమి.

వినోదము కొరకు ఇట్టి బండిని చేయించుకొనుట ఇంగ్లాండు దేశములో గోర్డన్ స్టేబుల్స్ అను వైద్యునితో మొదలైనదని చెప్పుదురు. ఆయన 1885లో గుఱ్ఱములు లాగు అట్టి బండిని చేయించుకొని దేశమంతయు తిరిగెను. మన దేశములో కేరళ ప్రభుత్వము 2021లో క్యారవాన్ ప్రయాణములకు ఒక విధానమును ప్రకటించగా, మరుసటి సంవత్సరము వాగమన్ కొండలలో ఆ బండ్లు నిలుపుకొను బసస్థలము తెరువబడెను.

అయితే మన పెద్దలకు ఇది క్రొత్త సంగతియా? గూడుబండి కట్టుకొని, ఎద్దులకు చొప్పయు, మనుష్యులకు సద్దియు పెట్టుకొని, త్రోవలో చెట్ల క్రింద రాత్రులు గడుపుచు మెదకు గుడికి క్రిస్మసుకు పోయినవారి పిల్లలము మనము. ఆ గుడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. 1912లో దోర్నకలునకు బిషప్పుగా అభిషేకింపబడిన అజరయ్య గారును ఎడ్లబండి మీదనే పల్లెలు తిరిగెను. బండి మారినది గాని బస మారలేదు.

2. ఏడు దినముల పర్ణశాల

ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన పండుగలలో పర్ణశాలల పండుగ ఒకటి. అది ఏడవ నెల పదునైదవ దినమున, పంట కూర్చుకొనిన తరువాత వచ్చెడిది. గాదెలు నిండిన ఆ వేళ జనులు తమ గట్టి ఇండ్లు విడిచి, కొమ్మలతోను మట్టలతోను వేసిన పందిళ్లలో ఏడు దినములు ఉండవలెను. ఎందుకు? తమ పితరులు అరణ్యములో గుడారములలో నివసించిరని పిల్లలు మరువకుండునట్లు.

ఇందులోని జ్ఞానమును ఆలోచించుడి. ఇల్లు నిండినప్పుడు మనుష్యుడు ఇదంతయు నాదే అనుకొనును. ఆకుల సందులలో నుండి నక్షత్రములు కనబడుచుండగా పండుకొనినవాడు అట్లు అనుకొనలేడు. అబ్రాహాము సహితము వాగ్దాన దేశములోనే గుడారములలో నివసించెనని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక పదునొకండవ అధ్యాయము చెప్పుచున్నది.

అనంతగిరిమీద మొదటి రాత్రి మాకు అట్లే ఉండెను. టేకు ఆకులు రాలి నేలంతయు పరచుకొనియున్నవి. గాలి వీచినప్పుడెల్ల అవి గలగలలాడుచుండెను. అనంతగిరి గాలి లక్షల రోగులకు మందు అని ఆ ప్రాంతమువారు సామెతగా చెప్పుకొందురు. క్షయ రోగుల ఆసుపత్రి ఆ కొండమీదనే ఉండుటయు అందుకే. తెల్లవారగానే మేము నూట ఇరువది ఒకటవ కీర్తనను చదివి, సహాయము కొండలవలన గాక కొండలను చేసినవానివలన కలుగునని బోధించితిమి.

తరువాత మూసీ నదిని గూర్చియు చెప్పితిమి. అది ఆ కొండలలో పుట్టి తూర్పుగా ప్రవహించుచున్నది. 1908 సెప్టెంబరులో అది పొంగి హైదరాబాదులో వేలాదిమంది ప్రాణములు తీసెను. ఆ తరువాత నిజాము కాలములో దానిమీద కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తియై, వరదను ఆపుటకును పట్టణమునకు త్రాగునీరు ఇచ్చుటకును ఉపయోగపడెను. పట్టణము దాటిన పిమ్మట అదే నది మురికి కాలువవలె మారి, నల్లగొండ వైపు పొలములకు పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలియుచున్నది. పట్టణపువారు నదిని పాడుచేసిరని మేము గట్టిగానే పలికితిమి. వినినవారందరు తలలూపిరి.

3. మేము తలయూపిన సంగతి

ఇట్టి బండిలో మూడు తొట్లు ఉండును. ఒకటి మంచినీళ్లది. రెండవది వంటగిన్నెలు కడిగిన నీళ్లు, స్నానపు నీళ్లు చేరునది. మూడవది మరుగుదొడ్డిది. మంచినీళ్ల తొట్టి ఖాళీ అగుచుండగా తక్కిన రెండును నిండును. బసలో ఉన్నంతసేపు మంచినీళ్ల తొట్టి మాత్రమే మనకు జ్ఞాపకముండును. బయలుదేరు దినమున తక్కినవి జ్ఞాపకము వచ్చును.

మూడవ దినము ఉదయమున సామాను సర్దుచుండగా డ్రైవరు మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, తొట్లు నిండినయి. గీ వాగుల వదిలేస్తే బరువు తగ్గుతది, దిగువకు బండి మంచిగ పోతది. ఈడ చూసేటోళ్లు ఎవరున్నరు?" అనెను.

మేము చుట్టు చూచితిమి. ఎవరును లేరు. ఎండ ఎక్కకముందే దిగిపోవలెనను తొందర ఉండెను. మేము తలయూపితిమి. క్రితము దినమున నదిని గూర్చి బోధించినవారము మేమే, తలయూపినవారమును మేమే.

అప్పుడు మా సంఘములోని ఒక అవ్వ, చాప చుట్టుచున్నది ఆపి, "అయ్యగారూ, గీ నీళ్లు కిందికి పోయి ఎవరి బిందెల పడ్తయి?" అని అడిగెను.

ఆమె కోపముగా అడుగలేదు. నిజముగానే తెలిసికొనగోరి అడిగెను. ఆమె వయసులో ఉన్నప్పుడు భర్తతో చెరకు నరుకుటకు పరాయి జిల్లాకు పోయి, పొలము గట్టున గుడిసెలో నెలల తరబడి ఉండెను. పైన ఎవరో బట్టలు ఉతికి, పశువులను కడిగిన కాలువ నీటినే దిగువన ముంచుకొని త్రాగెడివారట. ఆ గుడిసెలోనే ఆమె చిన్న కుమారుడు విరేచనములు పట్టి రెండు దినములలో పోయెను. ఈ సంగతి మాకు ముందే తెలియును. ఆమె ఇంటికి పోయి ప్రార్థించినప్పుడెల్ల వినియున్నాము. అయినను ఆ ఉదయమున మాకు జ్ఞాపకము రాలేదు.

మాకు నోట మాట రాలేదు. డ్రైవరును ఆపి, మూతలు బిగించుమని చెప్పితిమి. నిండు తొట్లతో ఘాటు దిగుట కష్టమనియు, వాటిని హైదరాబాదులో తమ మురుగు తొట్టి దగ్గరనే ఖాళీ చేయవలసియుండుననియు అతడు చెప్పి, శ్రమకు కొంత సొమ్ము ఎక్కువ అడిగెను. అది న్యాయమే. యౌవనులు తువాలు పరచి తలా కొంత వేసిరి. అవ్వ తన కొంగు ముడి విప్పి పది రూపాయలు వేసెను. బండి మెల్లమెల్లగా దిగెను. ఆలస్యమైనది గాని ఎవరును సణుగలేదు.

4. దేవుడు సంచరించు పాళెము

ద్వితీయోపదేశకాండము ఇరువదిమూడవ అధ్యాయములో ఒక ఆజ్ఞ ఉన్నది. ప్రసంగములలో దానిని మనము ఎత్తము, సిగ్గుపడి దాటిపోవుదుము. యుద్ధమునకు పోయి దండు దిగినప్పుడు, పాళెము వెలుపల ఒక చోటు ఏర్పరచుకొనవలెను. ప్రతివాడు త్రవ్వుటకు ఒక పనిముట్టు ఉంచుకొని, గుంట త్రవ్వి, పిమ్మట మన్నుతో కప్పవలెను. కారణమును కూడ మోషే చెప్పెను: దేవుడు ఆ పాళెము నడుమ సంచరించుచున్నాడు గనుక అది పరిశుద్ధముగా ఉండవలెను.

డ్రైవరు "చూసేటోళ్లు ఎవరున్నరు" అనెను. ఆ ప్రశ్నకు ఈ వాక్యమే జవాబు. యెహెజ్కేలు ముప్పది నాలుగవ అధ్యాయములో ప్రభువు గొఱ్ఱెలనే నిలదీయుచున్నాడు. తేట నీరు త్రాగి, మిగిలిన నీటిని కాళ్లతో కలకచేసి, వెనుక వచ్చు గొఱ్ఱెలకు విడుచుట చిన్న సంగతియా అని ఆయన భావము. ఆ అధ్యాయము మొదట కాపరులకు చెప్పబడినది. కావున మా వంటి కాపరులకు అది మరి బరువైనది.

5. బసకు పోవువారికి కొన్ని సూచనలు

మీ సంఘములలో యౌవనులు ఇట్లు పోవ తలంచిన యెడల ఈ సంగతులు గమనించుడి.

మొదటిది, అటవీ అధికారుల అనుమతి లేక అడవిలో రాత్రి నిలువవద్దు. బండిని చదునైన నేలమీద నిలిపి, చక్రములకు ముందు వెనుకల దిమ్మలు వేయుడి.

రెండవది, నిప్పు. మాఘమాసము మొదలు వానలు పడువరకు అడవి ఎండుటాకులతో నిండియుండును. రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట చట్టవిరుద్ధము. అనుమతించిన చోటనే వంట చేసి, తరువాత నీళ్లు పోసి, కట్టెతో కలిపి, మరల పోసి, చేయి దగ్గర పెట్టినప్పుడు వేడి తగులకుండువరకు ఆ చోటు విడువవద్దు.

మూడవది, గాలి. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో, నిలిపియున్న క్యారవాన్‌లో నిద్రించిన ఇద్దరు మరణించిరి. జనరేటరు నుండి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువే దానికి కారణమని తేలినది. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన బండిలో కుంపటి పెట్టుకొని, లేదా జనరేటరు నడుచుచుండగా నిద్రింపవద్దు.

నాల్గవది, మురుగు. ఆ నీళ్లను వాగులో గాని కుంటలో గాని వదలవద్దు. సబ్బు, నూనె, అన్నిటికంటె ఎక్కువగా టైఫాయిడు, కామెర్లు కలిగించు క్రిములు వాటిలో ఉండును. మరుగుదొడ్డి లేని చోట నీటికి రెండు వందల అడుగుల దూరమున జానెడు లోతు గుంట త్రవ్వి, కప్పివేయుడి.

అయిదవది, కోతులు. ఆ కొండమీద అవి మెండు. తినుబండారములు బయట విడిచిన యెడల అవి చింపి అడవియంతయు చల్లును. ప్లాస్టికు సంచులు, సీసాలు అన్నియు తిరిగి తెచ్చుకొనుడి. అయిదువేలమందికి భోజనము పెట్టిన మన ప్రభువు మిగిలిన ముక్కలను పోగుచేయించెను గదా.

ఆరవది, పొరుగువారు. అచ్చటి అనంత పద్మనాభస్వామి ఆలయమునకు యాత్రికులు వచ్చుచుందురు. మన పాటలు మన డేరాల వరకే వినబడవలెను.

6. ఊరిలోని పాళెము

అందరము కొండకు పోము. పోవలసిన అవసరమును లేదు. అయితే క్రిస్మసు విందు తరువాత ప్లాస్టికు గ్లాసులు, విస్తళ్లు ఎచ్చట పడుచున్నవి? పెండ్లి వంట కడుగు నీళ్లు ఎవరి ఇంటి ముందుకు పారుచున్నవి? మన మురుగు కాలువ చివర ఎవరి గుడిసె ఉన్నది? గుడికి సున్నము వేసి, దాని వెనుక చెత్త పోయువారమైతే మన పాళెము పరిశుద్ధమైనదని ఎట్లు చెప్పగలము?

మేము తిరిగి వచ్చిన ఆదివారమున ప్రసంగమునకు ముందు సంఘమంతటి యెదుట ఈ సంగతిని ఒప్పుకొంటిమి. ఆరాధన తరువాత కొందరు పురుషులు పారలు తెచ్చి గుడి వెనుక గుంట త్రవ్విరి. అవ్వ గట్టుమీద కూర్చుండి, లోతు చాలదని చెప్పుచుండెను.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించవలసిన ప్రశ్నలు

1. ఇల్లు నిండిన కాలముననే పర్ణశాలలలో ఉండుమని దేవుడు ఎందుకు ఆజ్ఞాపించెను?
2. ఎవరును చూడనప్పుడు మనము చేయు పనులవలన దిగువనున్న ఎవరికి నష్టము కలుగుచున్నది?
3. మన గుడి చుట్టు, మన వీధిలో ఈ నెలలో బాగుచేయవలసినది ఏది?

ప్రార్థన: కొండలను నదులను కలుగజేసిన తండ్రీ, మేము ఈ భూమిమీద బస చేయువారమేయని మాకు నేర్పుము. మేము విడిచిపోవు చోటు, మేము వచ్చినప్పటికంటె చెడిపోకుండునట్లు కాపాడుము. మాకు దిగువనున్నవారి బిందెలు మాకు జ్ఞాపకముండనిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.